రహీం సాహెబు తీసిన సీల

మొన్న మద్దిలపాలెంలో నా స్కూటీ చక్రం బోల్టు ఊడిరాకపోతే మెకానిక్ దాని మీద కిరసనాయిలు కలిపిన నూనె పోశాడు. పదిహేనేళ్ళయినా ఆ వాసన వస్తే నాకు రహీం సాహెబే గుర్తొస్తారు.

అప్పుడు నేను ఒక చిన్న మ్యూజియంలో పాత వస్తువులు శుభ్రం చేసే ఉద్యోగంలో కొత్తగా చేరాను. నాకు ఆరో నెల. ఎవరో ఇచ్చిన పాతకాలపు రివాల్వరు ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. గుళ్ళు పెట్టే సిలిండరు తిరగడం లేదు. దాన్ని పట్టి ఉంచే సీల తుప్పుతో బిగుసుకుపోయింది. బల్లకున్న ఇనుప పట్టు, వైస్‌లో బిగించి ఇనుప సుత్తితో మూడు దెబ్బలు వేశాను. సీల కదల్లేదు సరికదా, దాని తల నలిగింది. సీల రావడం లేదని మాత్రమే మా అధికారికి చెబితే పాతనగరం నుంచి రహీం సాహెబును పిలిపించారు. డెబ్బై ఏళ్ళ మనిషి. లైసెన్సుతో తుపాకులు బాగుచేయడం వాళ్ళింట్లో మూడు తరాల పని.

ఆయన ముందు సీల వంక చూడనే లేదు. ఒక పక్కగా నిలబడి, సన్నటి వెదురుపుల్లను తుపాకీ గొట్టంలోకి దించారు. అది ఆగిన చోట గోటితో గుర్తుపెట్టి, బయటికి తీసి తుపాకీ పక్కన ఆనించారు. పుల్ల సిలిండరు అడుగుదాకా వెళ్ళలేదు. అంగుళం ముందే ఆగింది. అప్పుడు సీల నలిగిన తల చూశారు.

“ఏటమ్మా, దీన్ని ఎలాగ పెట్టి కొట్టావు?”

వైస్ చూపించాను. “ఇలాగే. గొట్టం నా వైపు...”

ఆయన ముఖం పాలిపోయింది. “లోపల మందుంది బేటీ. గుండుంది. నువ్వు నిండు తుపాకీని కొట్టావు.”

నా చేయి దానంతటదే పొట్ట మీదికి వెళ్ళింది. సాహెబు నన్ను కూర్చోబెట్టి నీళ్ళిచ్చారు. “ఇన్నేళ్ళయింది కదండీ, ఇంకా పేలుతుందా?” అన్నాను, ఆయన కాదంటే బాగుండునని.

“పేలకపోవచ్చు. పేలనూవచ్చు. ఆ సంగతి తుపాకీకే తెలుసు.”

ముందు దాని మూతిని ఇసుక బస్తా వైపు తిప్పి, వెనక తుప్పు పట్టి అంటుకున్న, దెబ్బ తగిలితే మందుకు నిప్పు అంటించే చిన్న పేలుడు టోపీని నూనెతో నానబెట్టి, కొయ్యముక్కతో గీరి తీశారు. ఆ తర్వాత వారం రోజులు వచ్చారు. రోజూ సీల చుట్టూ కిరసనాయిలు కలిపిన నూనె రెండు చుక్కలు వేసి, తుడిచి, వెళ్ళిపోయేవారు. “ఇంకా ఎన్నాళ్ళండీ?” అని ఒకరోజు విసుక్కున్నాను. “బలం మనకుందిలే అమ్మా. నూనికి టైమియ్యాల గదా” అన్నారు.

ఎనిమిదోనాడు తుపాకీని మెత్తటి చెక్కదిమ్మ మీద పెట్టి, సీలకు సరిపడే ఇత్తడి కడ్డీ ఆనించి, కొయ్యసుత్తితో తట్టారు. తలుపు తట్టినంత మెల్లగా. నాలుగో దెబ్బకు సీల జారి వచ్చింది, గీత కూడా పడకుండా. సిలిండరులో ఆరు గదులుంటే నాలుగు నిండి ఉన్నాయి. ఒక దాంట్లోంచి చిటికెడు నల్లటి తుపాకిమందు రాల్చి, పెరట్లో పెంకు మీద పోసి, దూరం నుంచి అగరుబత్తి ముట్టించారు. భగ్గుమంది. పొగ తేలిపోయినా నేను అక్కడే నిలబడిపోయాను.

“సూసావా? పొడిగానే ఉంది” అన్నారాయన.

సాయంత్రం రిజిస్టరులో ‘మందు నింపి ఉన్నట్లు గుర్తించాము’ అని రాశాను. ఆయన చదివించుకుని విన్నారు. “నువ్వు కొట్టింది రాయలేదేటి?”

“ఉద్యోగం పోతుందేమోనండీ.”

“నాను పక్కనుండి మీ అధికారికి చెప్తాను. నువ్వు రాయకపోతే, రేపు నీ కుర్చీలో కూకున్న ఇంకో అమ్మాయి కొడతాది.”

ఏడుస్తూనే రాశాను. మూడు దెబ్బలు, ఇనుప సుత్తి, గొట్టం నా వైపు, లోపల ఏముందో చూడలేదు. కింద సంతకం పెట్టాను. ఉద్యోగం పోలేదు. సాహెబు పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు ఆ గది నా చేతి కింద ఉంది. కొత్తగా చేరినవాళ్ళకు పనిముట్లు ఇచ్చే ముందు ఆ పేజీ తెరిచి, బయటికి చదవమంటాను. వాళ్ళు సంతకం దాకా వచ్చి, తలెత్తి నన్ను చూస్తారు. ఇన్నేళ్ళయినా ఆ చూపు నాకు అలవాటు కాలేదు.