తోడల్లుడి గాలి డబ్బా కోసం భిలాయి దాకా

ఈ ప్రయాణం మా మామగారింట్లో అన్నం దగ్గర మొదలైంది. విస్తట్లో పప్పు కలుపుకుంటున్నాను. మామగారు నెయ్యి వడ్డిస్తూ, "మా సూరిబాబు బండి నిండు లోడుతో కేశ్‌కాల్ ఘాటీ ఎక్కిందట. రెండో గేరు కింద దింపనేదట. గాలి డబ్బాకేదో సేయించినాడట" అన్నారు. సూరిబాబు మా మరదలి మొగుడు, నాకు తోడల్లుడు. భిలాయిలో లారీ తోలుతాడు. పెద్దల్లుణ్ణి నేను, ఇరవై ఏళ్లుగా స్టీరింగు పట్టినవాణ్ణి నేను. మా ఇద్దరివీ ఒకే రకం డీజిల్ లారీలు. నాదేమో సాలూరు ఘాట్ మీద నల్లపొగ కక్కుతూ మొదటి గేరులో డేకుతుంది. కడుపుమంట అంటే ఏమిటో ఆ పూట నాకు బాగా తెలిసింది.

నా బాధ ఒట్టి కుళ్లు మాత్రమే కాదు. మా ఆవిడ గాజులు అమ్మి ఇంజను కొత్తగా కట్టించి నాలుగు నెలలైంది. ఇంకోసారి ఆలస్యమైతే లోడు వేరే బండికిస్తానని బెల్లం షావుకారు మొహం మీదే చెప్పాడు. ఉన్నది ఆ ఒక్క బండి. అయినా సూరిబాబుకి ఒక కార్డు ముక్క రాసి అడగడానికి నాకు చేతులు రాలేదు. అతను భిలాయి వెళ్లి మనిషైపోయాడని ఇంటిల్లిపాదీ అంటుంటే, నేను పోయి "నాకూ చెప్పు తమ్ముడూ" అనాలా? అడక్కుండా చూసి వద్దామని, భిలాయి పవర్ హౌస్ బజారులో మన తెలుగువాళ్ల కొట్టుకి వెళ్లే బెల్లం లోడు ఒప్పుకున్నాను.

విజయనగరంలో తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాను. సాలూరులో ఇడ్లీ తిని, ఘాట్ ఎక్కేసరికి పదకొండయింది. అక్కడ రెండుసార్లు ఆగి రేడియేటరులో నీళ్లు పోశాను. కోరాపుట్, జైపూర్ మీదుగా జగదల్‌పూర్ చేరి ఆ రాత్రి అక్కడే పడుకున్నాను. రెండో రోజు కేశ్‌కాల్, కాంకేర్, ధమ్తరి, రాయపూర్ దాటి పొద్దుగుంకే వేళకి పవర్ హౌస్‌లో లోడు దింపాను. ఈ దారిన వెళ్లేవాళ్లు జగదల్‌పూర్‌లోనే డీజిల్ నింపుకోవాలి. కాంకేర్ బస్టాండు దగ్గర అర్ధరూపాయికి అన్నం, పప్పు కడుపునిండా పెడతారు.

సూరిబాబు భిలాయిలోనే సుపేలా అనే పేటలో, రెండు గదుల ఇంట్లో ఉంటున్నాడు. గుమ్మంలోనే కుళాయి. దాన్ని చూసి కూడా నాకు ఒళ్లు మండింది. "బావా, సిక్కిపోయినావేటి?" అంటూ మరదలు చేపల పులుసు పెట్టింది. పులుసు బాగుంది, అదింకో మంట.

పొద్దున్నే లేచి పెరట్లోకి వెళితే, నేను చూడ్డానికి వచ్చింది కళ్లెదురుగా ఉంది. సూరిబాబు తన లారీ గాలి డబ్బా విప్పి, కిరసనాయిలుతో కడిగి, పీట మీద ఆరబెట్టాడు. డీజిల్ ఇంజను గాలి పీల్చేది ఈ డబ్బాలోంచే. అడుగున గిన్నెలో నూనె ఉంటుంది, దాని మీద తీగల జాలీ. ధూళి నూనెకి అంటుకుపోతుంది, మిగిలింది జాలీ పట్టేస్తుంది, శుభ్రమైన గాలి పైనున్న గొట్టంలోంచి ఇంజనుకి పోతుంది. గాలి చాలకపోతే డీజిల్ సరిగ్గా మండదు. అప్పుడే నల్లపొగ, నీరసం. సూరిబాబు డబ్బాకి పైఅంచు కింద చుట్టూ గాలి పోవడానికి అరచెయ్యి వెడల్పున కొత్త నోళ్లు కోయించాడు. ఇంతేనా! జానతో కొలిచి, అతను బయటికి రాగానే పళ్లు తోముకుంటున్నట్టు నటించాను.

"అన్నయ్యా, నందిని క్వారీ నుంచి రెండు బళ్లు గిట్టి మొయ్యాల. నీ బండి కూడా తెస్తావా?" అన్నాడు. గిట్టి అంటే కంకర. సరే, తొమ్మిదింటికి మెయిన్ రోడ్డు మీద కలుస్తానని, బండి తీసుకుని నేరుగా రేకులు కోసే మిస్త్రీ దగ్గరికి పోయాను.

మిస్త్రీ ముసలాయన. నా డబ్బా విప్పి చూసి, నేను వేలు పెట్టి చూపించిన చోట సుద్దతో గీశాడు. "ఊపర్ కాటూఁ, భయ్యా? జాలీ కే ఊపర్?" అని రెండుసార్లు అడిగాడు. జాలీకి పైన కోయమంటావా అని అతని అనుమానం. నీకెందుకయ్యా, చెప్పిన చోట కొయ్యి అన్నాను. కోశాడు. మూడు రూపాయలు తీసుకుని, బండి వెళ్లిపోయేదాకా నావైపే చూస్తూ నిలబడ్డాడు.

అబ్బ, ఏం లాగింది బండి! సుపేలా దాటి నందిని దారి పట్టగానే సూరిబాబు లారీని దాటేశాను. దారంతా సున్నపురాయి ధూళి, రెండు పక్కలా చెట్లు కూడా తెల్లగానే ఉన్నాయి. అద్దంలో చూస్తే నేను లేపిన దుమ్ములో సూరిబాబు లారీ మసగ్గా కనిపించింది. తినరా తిను, నా దుమ్ము తిను అని గట్టిగానే అన్నాను. ఆ పది మైళ్లు నాకు పెళ్లినాటి సంబరంలా గడిచాయి.

క్వారీ దగ్గర బండి ఆపి, మీసం తడుముకుంటూ దిగాను. సూరిబాబు వెనకే వచ్చాడు. అభినందిస్తాడనుకుంటే తల పక్కకి వంచి నా ఇంజను చప్పుడు విన్నాడు.

"అన్నయ్యా, ఆ ఈల ఏటి? బానెట్ ఎత్తు."

ఎత్తాను. సూరిబాబు డబ్బా మీదికి వంగి చూశాడు. ఇంజను ఆపించి, డబ్బా నుంచి ఇంజనుకి పోయే గొట్టం ఊడదీసి లోపల వేలు తిప్పాడు. వేలు తెల్లగా వచ్చింది, పిండి అద్దినట్టు.

"సూసినావా? సున్నపు ధూళి. నూనె నేదు, జాలీ నేదు, తిన్నగా ఇంజను తినేస్తంది. ఇలాగే ఊరెల్తే పిస్టన్లు అరిగిపోయి బండి దారిలో కూకుంటాది. ఎవుడు కోసినాడిది?"

మా ఆవిడ బోసి చేతులు కళ్లముందు కదిలాయి. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచి, చెప్పలేకపోయాను. "పొద్దున్న నీ డబ్బా చూసి నేనే కోయించాను" అన్నాను.

సూరిబాబు ఒక్క క్షణం ఆలోచించి నడుం పట్టుకుని నవ్వాడు. "ఓలమ్మో! అది బోర్లించి ఉంది గదన్నయ్యా! కిరసనాయిలు కారిపోవాలని గిన్నె తీసేసి బోర్లిస్తాను. నోళ్లు ఉండాల్సింది జాలీకి కింద. నువ్వు తలకిందులుగా సూసినావు." తన బానెట్ ఎత్తి చూపించాడు. డబ్బా మీద, పైవైపున కుంకుమ బొట్టు. కడిగిన ప్రతిసారీ మరదలు బొట్టు పెడుతుందట. ఆ బొట్టు పైకి ఉండేలా బిగిస్తాడట. నేను చూసేటప్పటికి ఇంకా బొట్టు పెట్టలేదు.

తరవాత అతను చేసింది నేను ఊహించలేదు. నా గొట్టం డీజిల్‌తో కడిగి, గుడ్డపెట్టి తుడిచి, తన డబ్బా విప్పి నా బండికి బిగించాడు.

"మరి నీకు?"

"నా బండి ఇయ్యాళ ఇక్కడే ఉంటాది. నీదాన్తోనే రెండు ట్రిప్పులూ ఏసీద్దాం. రేపు మిస్త్రీ నాకింకోటి కోస్తాడు. నీకు ఘాటీ ఉంది గదేటి" అని నా పక్కన ఎక్కి కూర్చున్నాడు. బండి కదిలాక, "ఒక కార్డు ముక్క రాస్తే నేనే తెచ్చి బిగించీసుందును గదన్నయ్యా" అన్నాడు.

నేను రోడ్డు వైపే చూస్తూ తోలాను. ఇంజను విషయంలోనే నన్ను మించాడనుకున్నాను. మనసులోనూ మించిపోయాడు. నిజం చెప్పొద్దూ, దానికి ఇంకా ఎక్కువ ఏడ్చాను.

మర్నాడు ఇనప కడ్డీల లోడుతో తిరుగు ప్రయాణం కట్టాను. మధ్యాహ్నం మూడింటికి కేశ్‌కాల్ ఘాటీ మొదలుపెట్టి, రెండో గేరు కిందికి దింపకుండా ఎక్కేశాను. పొగ లేదు, ఆయాసం లేదు. పైన టీకొట్టు దగ్గర ఆగి పదిహేను పైసల టీ తాగుతూ బానెట్ ఎత్తి ఆ బొట్టు వంక చాలాసేపు చూశాను.

ఊరు చేరాక, మళ్లీ అన్నం దగ్గరే మామగారు అడిగారు, "ఏవయ్యా, బండి బాగా ఎక్కిందట గదా, ఏటి సేయించినావు?" ఇంట్లో అందరూ ఉన్నారు. నేనే చేయించానంటే ఎవరూ కాదనరు, సూరిబాబు కూడా ఎక్కడా నోరు విప్పడు. అది తెలుసు కాబట్టే చాలా కష్టమైంది. ఘాటీ రెండో గేరులో ఎక్కాను గానీ ఈ ఒక్క మాట మాత్రం మొదటి గేరులో డేకుతూనే బయటికొచ్చింది. "అది సూరిబాబు డబ్బా మావయ్యా. తన బండిది విప్పి ఇచ్చాడు" అన్నాను. మామగారి మొహం వెలిగింది, అనుకున్నట్టే నా కడుపు మండింది. మా ఆవిడ మాత్రం ఆ పూట నెయ్యి నాకే రెండు గరిటెలు వేసింది.

ఈ దారిన భిలాయి వెళ్లే డ్రైవరు సోదరులకి నేను చెప్పేది ఒకటే. గాలి డబ్బాకి నోళ్లు పెంచదలిస్తే జాలీకి కిందే పెంచండి. విప్పేముందే పైవైపున ఒక బొట్టు పెట్టుకోండి. నా డబ్బాకి ఇప్పుడు మా ఆవిడ పెడుతోంది.