రాజన్న మొక్కు, మా ఆయన గడ్డం

మా ఆయన పోయినేడు వేములవాడ రాజన్నకు తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నారు. కరోనాతో మేముండే జర్మనీ నుంచి విమానాలు ఆగిపోయాయి గానీ జుట్టూ గడ్డమూ ఆగలేదు. ఇంతలో సోమవారం నుంచి ఆఫీసుకు రమ్మన్నారు. మా ఊరు కార్ల్స్‌రూహె ట్రాముల్లో ఎఫ్‌ఎఫ్‌పీ2 మాస్కు తప్పనిసరి. గడ్డం మీద అది సరిగ్గా ఆనదు. నాకేమో ఉబ్బసం, ఇంకా వ్యాక్సిన్‌కు టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరకలేదు. అందుకే గుండ్రటి తలల షేవర్ మంచిదా, సన్నటి జాలీ ఉన్నది మంచిదా అని రెండు వారాలు రివ్యూలు చదివి, ఎటూ తేలక, చివరికి జాలీదే తెప్పించాను.

ఈ రోజు వచ్చింది. ఆయన డబ్బా కూడా విప్పలేదు.

"మొక్కున్నది, కత్తి పెట్టద్దు" అన్నారు.

అత్తమ్మ కూడా దేవుడి పక్షమే వహిస్తారేమోనని జంకుతూనే వీడియో కాల్ చేశాను.

"తలెంట్రుకలు గదరా మొక్కింది, గడ్డం ఎవలడిగిండ్రు? గీసుకోను బద్ధకమై రాజన్న మీద పెడ్తున్నవా?" అని కొడుకును కడిగేశారు.

ముందు కత్తెరతో పొట్టిగా కత్తిరించుకుంటే, ఆ తర్వాత షేవర్ నున్నగా గీసింది. మాస్కు పెట్టుకుని, మరీ బిగుతుగా ఉందని గొణిగారు. అంటే సరిగ్గా ఆనిందన్నమాట.

రాజన్న ఏమనుకుంటాడోనన్న దిగులు ఇప్పుడు ఆయనకు లేదు, నాకు పట్టుకుంది. మీ ఇళ్లలో దేవుడి మీదికి నెట్టేసిన బద్ధకాలు ఏమేమున్నాయి?