‘ఓర్చుకో’ అనడం మానేసిన అక్క

పోయిన గురువారం మా పై పోర్షన్ అక్క చనిపోయింది. డ్యూటీలోనే, దవాఖాన వరండాలో నడుస్తూ నడుస్తూ కూర్చుండిపోయిందట. ఆమెతో పనిచేసే నర్సు ఫోన్ చేసి చెప్పేసరికి నేను పప్పు కడుగుతున్నాను. ఎన్నిసార్లు నీళ్లు మార్చానో గుర్తులేదు. ప్రతిదీ రాసిపెట్టుకునే నేను ఆ రోజు పేజీ ఖాళీగా వదిలేశాను.

అక్క ముప్పై ఏళ్లు నర్సుగా చేసింది. రెండేళ్ల కిందట, యాభై దాటాక, నొప్పి తగ్గించే వైద్యం మీద ఆన్‌లైన్‌లో పీజీ డిప్లొమాలో చేరింది. పైన ఆమె రేకుల గదికి సిగ్నల్ అందదు. అందుకని మధ్యాహ్నం డ్యూటీ దిగి, ముఖం కడుక్కుని, మా డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ తెరిచేది.

“నొప్పికి గూడ చదువుంటదా అక్కా?” అని నవ్వాను మొదటి రోజు.

“ముప్పై ఏండ్లు అందరికి ఓర్చుకో, ఓర్చుకో అని చెప్పిన చెల్లె. ఆ మాట వాపస్ తీసుకునే చదువు ఇది,” అంది.

ఆ మధ్యాహ్నాలు తలచుకుంటే నిద్రకూ మెలకువకూ నడుమ గడిచినట్టుంటాయి. ఫ్యాను తిరుగుతుండేది. తెర మీద చిన్న చిన్న గళ్లలో ఏయే దేశాల డాక్టర్లో, నర్సులో. ఒకరి వెనక కిటికీలో మంచు, ఇంకొకరి వెనక చీకటి, అక్క వెనక మా దండెం మీద ఆరుతున్న చీరలు. అర్థంకాని ఇంగ్లిష్ సన్నటి వానలా పక్క గదిలోని మా అత్తమ్మ మంచం దాకా పోయేది.

“ఆ సారు ఇయ్యాల అన్నం తినలే బిడ్డా. గొంతు సన్నగున్నది,” అనేది అత్తమ్మ అక్కడి నుంచే. అక్క నవ్వాపుకోలేక మైకు ఆపేసేది.

అత్తమ్మకు వెన్నులో గడ్డ. ఆపరేషన్‌కు లొంగేది కాదన్నారు. ఉన్నన్ని రోజులు నొప్పి లేకుండా చూసుకోవడమే మా చేతిలో ఉన్నది. నొప్పి ఎంతుందో సున్నా నుంచి పది దాకా అంకెల్లో అడిగి రాయమన్నాడు డాక్టరు. నేను స్కేలుతో గీతలు గీసి, రోజుకు మూడుసార్లు అడిగేదాన్ని. “సున్నా రాయి బిడ్డా,” అనేది. రాసేదాన్ని. నెల తిరిగేసరికి పేజీ నిండా గుండ్రటి సున్నాలు. అవి చూసి డాక్టరు మాత్ర సగం చేశాడు. నేను సంతోషపడ్డాను. అత్తమ్మ మాత్రం చిక్కిపోతూ వచ్చింది. అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయేది.

ఒకరోజు కారం పట్టించడానికి మిరపకాయలు ముందేసుకుని కూర్చున్నాను. “చాట ఇటియ్యి. చేతులు ఊకెనే ఉన్నయ్,” అంది అత్తమ్మ. ఎనుమాముల మిర్చి యార్డులో ఏళ్ల తరబడి తొడిమలు తీసిన చేతులవి. మంచం మీద పడుకుని కూడా నాకంటే వేగంగా తీసింది. కానీ నడుమ నడుమ ఆ చెయ్యి గాల్లోనే ఆగిపోయేది.

“కునుకు పడుతున్నట్టున్నది,” అన్నాను.

క్లాసు అయిపోయి గడప దగ్గర నిలబడ్డ అక్క తల అడ్డంగా ఊపింది. “కునుకు గాదు చెల్లె. ఊపిరి బిగబడుతున్నది, చూడు.”

“కూర్చోవచ్చా?” అని అడిగి మంచం అంచున కూర్చుంది. అడగకుండా ఎప్పుడూ కూర్చోదు. “పెద్దమ్మా, యార్డుల చేతులు మండుతున్నయా అని అడిగితే ఏమనేటోళ్లు?”

“మండుతలేవు అనేటోళ్లం. మంట అన్నదాన్ని తెల్లారి పనికి పిలుస్తరా ఏంది?” అత్తమ్మ నవ్వింది.

అక్క చాటలోంచి పది కాయలు తీసి దుప్పటి మీద వరుసగా పెట్టింది. “నోటితోని ఏం చెప్పకు. నొప్పి ఎంతుంటే అన్ని కాయలు నా దిక్కు జరుపు. కోడలు దిక్కు చూడకు, ఆమె కండ్లు మూసుకుంటది.”

నిజంగానే మూసుకున్నాను. ఎండుకాయలు ఒక్కొక్కటే జరుగుతుంటే లోపలి గింజల గలగల. ఎనిమిది లెక్కపెట్టాను. కొంచెంసేపు ఏమీ లేదు. తర్వాత ఇంకొకటి.

“అన్నీ తప్పు రాసిన అక్కా,” అన్నాను వంటింట్లోకి వచ్చి, ఏడుపు ఆగక.

“ఆమె చెప్పింది రాసినవ్. చెప్పనిది ఎట్ల రాస్తవ్? నేను వార్డుల ముప్పై ఏండ్లు గదే చేసిన,” అంది.

ఆ సాయంత్రమే నా పుస్తకం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన మందు పెంచాడు. నొప్పి వచ్చాక కాకుండా గంట ప్రకారం ఇవ్వమన్నాడు. అత్తమ్మ ఆ తర్వాత ఆరు నెలలు బతికింది. అన్నం తిని, నన్ను తిట్టి, పక్కింటి కోడళ్ల ముచ్చట్లు చెప్పి పోయింది.

మందు మార్చిన నాలుగో రోజు మధ్యాహ్నం, క్లాసుకు వచ్చిన అక్క చెప్పులు గుమ్మంలో విడిచి, టేబుల్ మీద లాప్‌టాప్ తెరిచి, మంచం వైపు చూసి ఆగింది. అత్తమ్మ ఎవరూ పట్టుకోకుండానే గోడవైపు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని, చిన్నపిల్లలా నిద్రపోతోంది. తెరలోంచి ఎవరో అక్క పేరు పిలిచారు. మళ్లీ పిలిచారు. అక్క అటు తిరగలేదు. నెమ్మదిగా లేచి పడుతున్న ఆ ముసలి వీపును చూస్తూ, మాటాడొద్దని నాకు సైగచేసి, తడి ముఖంతో అక్కడే నిలబడిపోయింది.