ఉపగ్రహం ఫోటో మీద సిరాగీత

ఎనభైల్లో నేను సత్తెనపల్లిలో ఒక మిషన్ బడిలో సైన్సు టీచరుని. రేడియోల పిచ్చి మా నాన్న నుంచి అంటుకుంది. ఆయన పోయాక ఆ సామానంతా అటకెక్కించడానికి మనసొప్పక, దాంతోనే మేడ మీద ఏంటెన్నా కట్టాను. వాతావరణ ఉపగ్రహం మన మీదుగా పోయేటప్పుడు దాని చప్పుడు నా రేడియోలో వినిపించేది. గడియారం నడిచినట్టు టిక్కుటిక్కుమంటూ, వెనక సన్నటి ఈల. ఆ చప్పుడులోనే మేఘాల బొమ్మ ఉంటుందని తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు.

చప్పుణ్ణి క్యాసెట్టులో పట్టడం నా వంతు. దాన్ని బొమ్మగా మార్చే పరికరం ఒంగోలులో ఒక కాలేజీ లెక్చరర్ గారి దగ్గర ఉండేది. చీకటి గదిలో చిన్న తెర ముందు కెమెరా తెరిచిపెట్టి ఆయన క్యాసెట్టు ఆడిస్తే, తెర మీద గీత తర్వాత గీత పడుతూ ఫిల్ము మీద మేఘాలయ్యేవి. నేను క్యాసెట్టు బస్సులో పంపితే, మర్నాటికి ఫోటో బస్సులోనే నాకు వచ్చేది. చీరాలలో, నరసరావుపేటలో మాలాంటి పిచ్చివాళ్ళు ఇంకో ఇద్దరుండేవారు. ఒకరి ఫోటోలు ఒకరికి పంపుకునేవాళ్ళం.

ఒక మార్చి నెలలో చాలా అందమైన ఫోటో వచ్చింది. కోస్తా తీరమంతా నల్లటి గీతగా తీర్చిదిద్దినట్టుంది. తీరానికి లోపల, మావైపే, తెల్లటి మబ్బు గడ్డ. పక్కింటి పిన్ని చూడ్డానికి వచ్చింది. కల్లంలో ఆమె మిరపకాయలు ఆరుతున్నాయి.

"మన ఊరు యాడుంది టీచరమ్మా?"

"ఇంచుమించు ఇక్కడ పిన్నీ. నిన్నటి బొమ్మ ఇది."

"అయితే మబ్బు మన నెత్తి మీదే ఉందిగా!" అంటూ ఆమె పరుగున వెళ్ళి, కూలీలను పిలిచి, కాయంతా కుప్పచేసి పట్టాలు కప్పించింది.

ఆ రోజు ఎండ మండిపోయింది. సాయంత్రం పిన్ని మళ్ళీ వచ్చింది. "కాయకి చెమటపట్టింది. రేపు ఎండేస్తే సరిపోయిద్దిలే. అది కాదుగాని, నిన్న మటుకు మబ్బేదమ్మా?"

నిజమే. క్రితం రోజు పొద్దున ఆ చప్పుణ్ణి క్యాసెట్టులో పడుతూ మేడ మీద నిలబడింది నేనే. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. మరి ఆ మబ్బు ఎక్కడిది? ఆ ప్రశ్న నన్ను నిలవనియ్యలేదు. శనివారం బడి వదలగానే ఒంగోలు బస్సెక్కాను.

"తీరం గీసింది నేనేనండీ," అన్నారు లెక్చరర్ గారు, ఏమాత్రం దాచకుండా. "అట్లాసు చూసి సిరాతో గీశాను. మధ్యలో రేడియో గరగరకి పడ్డ చారలుంటే వాటినీ తుడిచేశాను. లేకపోతే మీ బడి పిల్లలకేం తెలుస్తుంది?"

"తుడవకుండా మళ్ళీ ఒకసారి తీద్దామండీ."

ఆయనకూ ఉత్సాహం వచ్చింది. అదే క్యాసెట్టు మళ్ళీ ఆడించి, ఫిల్ము కడిగి, తడి ఫోటో మీద ఇద్దరం తలలు ఆనించి వెతికాం. నల్లటి సముద్రం, బూడిదరంగు నేల, అడ్డంగా చారలు. చివరికి ఒక చార పక్కనే కృష్ణ సముద్రంలో కలిసేచోటు దొరికింది. అక్కడ నేల ముక్కులా ముందుకు పొడుచుకొస్తుంది. దాన్ని పట్టుకుని కిందికి వస్తే అసలు తీరం కనబడింది. ఆయన గీత ఒంగోలు నుంచి గుంటూరంత దూరం సముద్రంలోకి జరిగింది! మబ్బు ఉన్నది నీళ్ళ మీద. ఉపగ్రహం ఆ రోజు మన నెత్తి మీదుగా కాక పక్కగా పోయింది. అందుకని బొమ్మ అంచుల్లో నేల నొక్కుకుపోయింది, అట్లాసులోలా లేదు.

"గీత గీయొద్దండీ ఇక," అన్నాను.

"గీయకపోతే అది మరకేగా టీచర్ గారూ? ఎవరికి చూపిస్తాం?"

కాఫీ చల్లారేదాకా వాదించుకున్నాం. చివరికి ఇద్దరికీ నచ్చిన దారి దొరికింది. ఫోటోను ఉన్నదున్నట్టే పంపాలి, చారలతో సహా. తీరం గీయాలనుకుంటే పైన పల్చటి ట్రేసింగు కాగితం అంటించి దాని మీద గీయాలి. వెనక మాత్రం ఎవరు పట్టారో, ఎప్పుడో, ఉపగ్రహం ఎటు నుంచి ఎటు పోయిందో, ఏమేం మార్చారో రాయాలి. చీరాల ఆయన మొదట సణిగాడు. "ఇంత చాదస్తమా అండీ?" తర్వాత ఆయనే అందరికంటే ఎక్కువ రాసేవాడు, ఆ పూట గాలి ఎటు వీచిందో కూడా.

ఆ వేసవి సెలవుల్లో నలుగురం రేడియో, ఏంటెన్నా, స్కూటరు బ్యాటరీ మోసుకుని కొత్తపట్నం సముద్రపొడ్డుకు వెళ్ళాం. ఉపగ్రహం కిందికి చూసే నిమిషంలోనే మేం పైకి చూడాలని నా కోరిక. వలలు ఆరేస్తున్నవాళ్ళు చుట్టూ మూగారు. "ఏందమ్మా ఆ టిక్కుటిక్కు?" అని ఒకామె అడిగితే, "పైనించి మనల్ని ఫోటో తీస్తన్నారు," అన్నాను. ఆమె గబుక్కున కొంగు సర్దుకుంది.

నీళ్ళ మీద దూరంగా దూదిపింజల్లాంటి మబ్బులు వరసకట్టి ఉన్నాయి. ఒడ్డు మీద ఏమీ లేదు. సాయంత్రం ఒంగోలులో ఫోటో కడిగితే, ఆ వరస అలాగే ఉంది. మేం నిలబడ్డచోట ఉత్త బూడిదరంగు. ఆ రంగులో మేమూ ఉన్నామనుకుంటూ దాన్ని చాలాసేపు చూశాను.