రైలు పాట వేళకు టీకి పోయినవాళ్లు

మొన్న ఆదివారం పొద్దున గ్రైండరులో పిండి వేసి నిలబడ్డానో లేదో, ఫోను ఆపకుండా టింగుటింగుమనడం మొదలుపెట్టింది. ఎవరికేమయిందో అని చేతులు కడుక్కుని ఉరుక్కుంటూ వచ్చి చూస్తే ఎవరికీ ఏమీ కాలేదు, మా చిలమత్తూరు సంగీత మేధావుల వాట్సాప్ గ్రూపు. ఆ గ్రూపులో నన్ను ఎవరు చేర్చారో, ఏం పాపం చేశానని చేర్చారో నాకు ఇప్పటికీ తెలియదు. మా చిన్నమామ అందులో ఉన్నాడు కాబట్టి ఆయన కోసం బయటికి రాకుండా పడి ఉన్నాను. బెంగళూరులో ఎప్పటిదో ఒక రాక్ బ్యాండు ఉంది. మా ఊళ్లో కొందరు పెద్దమనుషులు, అరవై దాటినవాళ్లు, మనవళ్లను ఎత్తుకున్నవాళ్లు, ఆ బ్యాండుకు భక్తులు. అభిమానులు అని రాయబోయి మానుకున్నాను, అభిమానికి కాస్తో కూస్తో చెవులుంటాయి. ఆ బ్యాండు పాత కచేరీ వీడియో ఒకటి ఎవరో ఎక్కడో పెడితే, దాన్ని పట్టుకొచ్చి గ్రూపులో పడేశారు. ఆ కచేరీలో నేనూ ఉన్నాను. వీడియో మొదలైన కాసేపటికి ముందు వరసల్లో నాలుగు ఖాళీ కుర్చీలు, వాటి పక్కన ఒళ్లో సంచీ పెట్టుకుని కూర్చున్న నా నడినెత్తి కనిపించాయి. పిండి సంగతి మరిచిపోయాను. నా కడుపు మళ్లీ ఆనాటిలాగే మండింది.

ముందు ఈ భక్తుల గురించి చెప్పాలి. వీళ్లకు పెద్ద ఎవరంటే, పాత్రల అంగడాయన. స్టీలు, ఇత్తడి, అల్యూమినియం, మా ఊళ్లో ఏ పెళ్లికి చెంబు కావాలన్నా ఆయన అంగడికే పోవాలి. కుర్రతనంలో వాళ్ల నాయన ఆయన్ని బెంగళూరులో చదివించాడు. డిగ్రీ రాలేదు, ఆ బ్యాండు క్యాసెట్టు ఒకటి వచ్చింది. ఆ క్యాసెట్టుతోనే ఊళ్లో మేధావి అయిపోయాడు. ఆయనకు కుడిభుజం, కాలేజీలో కామర్స్ చెప్పి రిటైరైన లెక్చరరు. వీళ్లిద్దరి వెనక తలూపడానికి ఎరువుల అంగడాయన ఒకడు. ప్రతి ఆదివారం పాత్రల అంగడి అరుగు మీద సభ. హోటలు నుంచి బొరుగుల ఉగ్గాని, బజ్జీలు వచ్చేవి. అవి తింటూ, నూనె చేతులు లుంగీలకు తుడుచుకుంటూ, పోయిన కచేరీలో బ్యాండువాళ్లు ఏ పాట ముందు పాడి తప్పు చేశారు, ఏ పాట చివర పాడి ఉంటే బాగుండేది అని తీర్పులిచ్చేవాళ్లు. ఆ పాటలన్నీ ఇంగ్లీషువి. అందులో ఒక్క చరణమైనా పూర్తిగా అర్థమైనవాడు ఆ అరుగు మీద లేడని నేను ప్రమాణం చేసి చెప్పగలను. అర్థం కాకపోవడం తప్పు కాదు. అర్థం కాకుండానే పాడినవాడికి బుద్ధులు చెప్పడం చూడండి, అది నాకు ఒళ్లు మంట. "ఆ పాట రెండోది పాడకూడదప్పా, రెండోది పాడితే జనం వేడెక్కరు" అని లెక్చరరు గారు అనేవారు, ఏదో పెళ్లి వంటకు వంటమనిషిని మాట్లాడుకుంటున్నట్టు.

వీళ్లకు ఒక నియమం ఉండేది. కచేరీలో కొత్త పాట ఏదైనా మొదలైతే చాలు, అందరూ ఒక్కసారిగా లేచి, వరసగా, తలలెత్తుకుని బయటికి నడిచిపోవాలి. బయట టీ తాగాలి. పాట అయిపోయాక మళ్లీ లోపలికి రావాలి. అది నిరసన అట! వేలమంది కూర్చున్న మైదానంలో చిలమత్తూరు నుంచి వచ్చిన నలుగురు లేచిపోవడం చూసి ఆ పాడేవాడు సిగ్గుపడి, ఇంటికి పోయి, కొత్త పాటలు కట్టడం మానేస్తాడని వాళ్ల నమ్మకం. "పోయినసారి మనల్ని చూసినాడప్పా, మొగం మాడిపోయింది" అని పాత్రల అంగడాయన చెబుతుంటే నేను అక్కడే గిన్నెలు బేరం చేస్తూ విన్నాను. ఇంత తెలివి గల మనిషి నాకు సొట్ట పడిన గిన్నె అంటగట్టాడు, అది వేరే సంగతి.

ఈ గుంపులో మా చిన్నమామ ఎలా పడ్డాడో చెబుతాను. మా అమ్మకు ఆఖరి తమ్ముడు. బోర్లు వేసే రిగ్గు మీద పని. మా వైపు బోరు వేయడమంటే మీకు తెలుసు కదా, నీళ్ల కోసం మొదలుపెట్టి దుమ్ము తీయడం. కంప్రెసరు మోతకు పక్క పొలంలో పశువులు కూడా తాళ్లు తెంపుకునేవి. ఆ మోతలో మా మామ తలకు తువ్వాలు చుట్టుకుని పొద్దంతా నిలబడేవాడు. చిన్నప్పుడు సెలవుల్లో నేను సంగటి క్యారియరు తీసుకుని రిగ్గు దగ్గరికి పోయేదాన్ని. మోత ఆగాక, తెల్లటి దుమ్ము మెల్లగా కిందికి దిగుతుంటే, పొలం రైతు గట్టు మీద తలపట్టుకుని కూర్చుని ఉంటే, ఎవరికీ ఏం మాట్లాడాలో తెలియని ఆ వేళలో మా మామ రాడ్లు తుడుస్తూ ఒక పాట కూనిరాగం తీసేవాడు. అది ఆ క్యాసెట్టులోని రైలు పాట. పాత్రల అంగడాయన దగ్గర అడుక్కుని విన్నాడు. అసలు పాటలో మొదట డ్రమ్ములు దడదడమంటూ రైలు పరుగెత్తినట్టు వస్తాయి, పాట కూడా అదే వేగం. మా మామకు ఆ వేగం ఎక్కడొస్తుంది? రెడ్డిపల్లి రైల్వే గేటు దగ్గర ఆగి ఆగి పోయే గూడ్సుబండిలాగ తీసేవాడు. మాటలు అసలే లేవు. అరుగు మీదివాళ్లు ఆయన్ని దాంతో ఆడుకునేవాళ్లు. "ఏమప్పా, నీ రైలు ఇంకా హిందూపురం దాటలేదా?" అని పాత్రల అంగడాయన అంటే అందరూ పగలబడి నవ్వేవాళ్లు. మా మామ కూడా నవ్వేవాడు. నవ్వి, వాళ్ల పక్కనే కూర్చునేవాడు. చదువుకున్నవాళ్లు తనను పక్కన కూర్చోబెట్టుకున్నారని ఆయనకు అదొక గొప్ప. ఆ గొప్ప చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

ఏళ్లు గడిచాయి. కంప్రెసరు తినగా మిగిలిన చెవులతో మా మామ రిటైరయ్యాడు. హిందూపురంలో చెవి డాక్టరు చూసి, మిషన్ పెట్టుకుంటే కొన్నాళ్లు లాగవచ్చు, తర్వాత అది కూడా పనిచేయదు అని మొగం మీదే చెప్పాడు. ఆటోలో తిరిగి వస్తూ మా మామ నాతో ఒకే మాటన్నాడు. "చెవులు మూసుకుపోయే లోపల ఆ రైలు పాట అది పాడినాయన నోటితో ఒక్కసారి వినాల పాపా. ఇంగేమీ వద్దు." భార్య మాట, పిల్లల మాట అనలేదు. నేను నవ్వబోయి ఆయన ముఖం చూసి ఆగిపోయాను. చిక్కేమంటే ఆ పాటను బ్యాండువాళ్లు ఎన్నో ఏళ్లుగా పాడటం లేదు. ఎందుకు పాడటం లేదనే దాని మీద అరుగు మీద ఎన్ని ఆదివారాలు తగలబడ్డాయో లెక్కలేదు. మొదటి గిటారు వాయించేవాడితో గొడవ అని ఒకరు, లేదు, డ్రమ్ములాయనకు నడుం నొప్పి అని ఒకరు. అయినా ఆ ఏడాది కచేరీ ఉందనగానే మామ బయలుదేరాడు. చెవి మిషన్ బ్యాటరీలు చూసుకోవడానికి తోడుగా నేను పోయాను. లేకపోతే నాకేం పని అక్కడ?

బెంగళూరులో ఒక కాలేజీ మైదానం. సాయంత్రం ఎండ ఇంకా ఉంది. మా మామను స్పీకరుకు దగ్గరగా కూర్చోబెట్టాను. మొదటి రెండు పాటలకు ఆయన చెయ్యి మోకాలి మీద ఆడింది, అంటే వినిపిస్తోందన్నమాట. నాకు ప్రాణం కుదుటపడింది. తర్వాత పాడేవాడు, ఆయనా ముసలాయనే, జుట్టంతా నెరిసింది, ఒక స్టూలు తెప్పించుకుని కూర్చున్నాడు. డ్రమ్ములాయన పుల్లలు పక్కన పెట్టి చేతులు కట్టుకున్నాడు. ఒక్క గిటారు, అది కూడా మెల్లగా. నాలుగు తీగలు మీటాడో లేదో, పాత్రల అంగడాయన పెదవి విరిచి లేచాడు. "కొత్తది. పాండి బయటికి, పాండి." లెక్చరరు లేచాడు, ఎరువులాయన లేచాడు. మా మామకు మిషన్‌లో అంత సన్నటి మీటు పట్టదు. ఏ పాటో తెలియక అటూ ఇటూ చూశాడు. పాత్రల అంగడాయన ఆయన భుజం తట్టి రమ్మని సైగ చేశాడు. నమ్మినవాడు కదా, లేచి వాళ్ల వెనకే పోయాడు. నేను కదల్లేదు. ఆ బోడి టీ కోసం అంత దూరం నడిచే ఓపిక నాకు లేదు.

ముసలాయన నోరు తెరిచాడు. రెండు ముక్కలు పాడేసరికి నేను లేచి నిలబడ్డాను. నాకు ఇంగ్లీషు పాటల గురించి ఏమీ తెలియదు, కానీ ఈ రాగం నాకు తెలుసు. దుమ్ము దిగుతుంటే, రైతు తలపట్టుకుని కూర్చుంటే, రాడ్లు తుడుస్తూ మా మామ తీసిన రాగం. అదే నడక, అదే ఆగి ఆగి పోవడం. రైలు పాట! సంచీ అక్కడే వదిలేసి జనం కాళ్లు తొక్కుకుంటూ, తిట్లు తింటూ గేటు బయటికి పరుగెత్తాను. నలుగురూ టీ బండి దగ్గర గ్లాసులు పట్టుకుని, కొత్త పాటలు కట్టేవాళ్ల ఖర్మ గురించి మాట్లాడుకుంటున్నారు. మామ చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను. "మామా, రా! రైలు పాట పాడతాండాడు!"

మామ గ్లాసు కింద పెట్టబోయాడు. పాత్రల అంగడాయన నవ్వాడు. "ఏమ్మా, యాడైనా డ్రమ్ముల్లేకుండా రైలు పాట మొదలైతాదా? ముప్పై ఏండ్ల నుంచి వింటాండాం మేము. నువ్వొచ్చి మాకు చెప్తాండావా?"

"అన్నా, నీ చెవులకు దండం పెడతా, ఒక్కసారి లోపలికి వచ్చి విను" అన్నాను.

"కొత్త పాటకు లోపలికి పోతే నిరసన ఏముంటాది?" అన్నారు లెక్చరరు గారు, కామర్సు పాఠం చెబుతున్నట్టు.

మా మామ నా ముఖం చూశాడు, వాళ్ల ముఖాలు చూశాడు. పాత్రల అంగడాయన కాదన్నట్టు చెయ్యి ఊపాడు. మామ గ్లాసు మళ్లీ ఎత్తాడు. "పోనీలే పాపా, వాళ్లకు తెల్దా?" అన్నాడు. ఇంక నేను ఆగలేదు. చెయ్యి పట్టుకుని లాగాను, టీ ఆయన చొక్కా మీద ఒలికింది. గేటు దగ్గర వాచ్‌మన్ చేతి మీద ముద్ర చూపించమని నిలబెట్టాడు. ముద్ర చూపించి లోపలికి అడుగు పెట్టేసరికి చప్పట్లు. ఆ ముసలాయన మైకులో కన్నడంలో చెబుతున్నాడు, ఈ వయసులో రైలుతో పరుగెత్తలేను, అందుకే దాని పక్కన నడిచాను అని. తర్వాత డ్రమ్ములు దడదడమన్నాయి, వేరే పాట. మా భక్తులు పంచెలు ఎగ్గట్టుకుని ఉరికొచ్చారు. "ఇదీ పాటంటే!" అన్నాడు పాత్రల అంగడాయన. తిరిగి వచ్చేటప్పుడు కారులో దారి పొడుగునా ఒకటే చర్చ, ఈసారి కూడా రైలు పాట పాడలేదు, ఈ బ్యాండు చెడిపోయింది అని. పాడాడు అని నేను గట్టిగా చెప్పాను. నవ్వారు. మామ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. మరుసటి ఏడాదికి మిషన్ తీసి బీరువాలో పెట్టేశాడు.

ఇన్నాళ్లకు ఈ వీడియో. కింద పెద్ద అక్షరాలతో పాట పేరు కూడా రాసి ఉంది, తప్పించుకోవడానికి సందు లేదు. ఇప్పుడైనా ఎవరో ఒకరు, అయ్యో, ఆ మనిషిని చేయి పట్టుకుని బయటికి తీసుకుపోయామే అంటారేమో అని చూశాను. మధ్యాహ్నం పాత్రల అంగడాయన తీర్పు వచ్చింది. డ్రమ్ములు లేవు గనక ఇది రైలు పాట కింద లెక్కకు రాదట. శ్రుతి కూడా తగ్గించారని లెక్చరరు గారు కలిపారు. ఎరువులాయన చప్పట్ల బొమ్మ పెట్టాడు. తూ, మీ బతుకులు చెడ! మా మామ ఊసు ఒక్కడైనా ఎత్తలేదు. ఇంత పెద్ద వయసు, ఇంత చిన్న మనసు. పిండి పులిస్తే పులిసిందని చెప్పులు వేసుకుని మామ ఇంటికి పోయాను.

ఆయన మంచం మీద కూర్చుని అప్పటికే ఆ వీడియో చూస్తున్నాడు, శబ్దం లేకుండా. శబ్దం ఉన్నా ఆయనకు ఒకటే. నన్ను చూసి అడిగాడు. "ఎట్ల పాడినాడు?"

ఎలా చెప్పను? ఆయన చెయ్యి తీసుకుని, అరచేతి మీద నా వేలితో ఆ నడక కొట్టి చూపించాను, వీడియోతో పాటు. కాసేపు కళ్లు మూసుకుని ఉన్నాడు. ఉన్నట్టుండి తెరిచాడు. "ఇది నేను పాడేదే కదా పాపా!"

అవునని తలూపాను. నాకు ఏడుపొచ్చింది. ఆయనకు రాలేదు. ఫోను తీసుకుని, గ్రూపు తెరిచి, మైకు బొమ్మ మీద వేలు నొక్కిపెట్టి, తనకే వినిపించని ఆ పాటను మొదటి నుంచి చివరిదాకా, ఆగి ఆగి, కూనిరాగం తీసి పంపించాడు. అక్కడక్కడ గొంతు పక్కకు పోయింది. కానీ అదే పాట, అదే నడక. వీడియోలో ఆ ముసలాయన పాడినదానికీ దీనికీ తేడా నాకు కనిపించలేదు. కాసేపటికి పాత్రల అంగడాయన జవాబు వచ్చింది.

"ఇదేం పాటప్పా? కొత్తదా?"

మామ అది చదివి దగ్గు వచ్చేదాకా నవ్వాడు. కళ్లు తుడుచుకుని ఫోను నా చేతికిచ్చాడు. "కొత్తదే అని కొట్టు పాపా. లేచి టీకి పోతారు."

కొట్టాను. కాలం ఎవరినీ వదలకుండా నడిపించుకుపోతుంది అనుకునేదాన్ని, పాడేవాడిని నడిపించింది, మా మామనూ నడిపించింది, కానీ ఆ పాత్రల అంగడి అరుగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది కూడా కాళ్లు చాపుకుని కూర్చుని, బజ్జీ కొరుకుతూ, ఇంకా ఆ డ్రమ్ముల కోసమే కాచుకుని ఉంది.