చుక్కలు తిరిగి రాకూడదనుకున్న రోస్విటా

రోస్విటా అనగానే మ్యూనిక్‌లోని మా ప్రయోగశాలలో అందరికీ ఆమె ఓపిక గుర్తొస్తుంది. పక్క బల్ల దగ్గర పనిచేసిన నాకు మాత్రం ఆమె కడుపుమంటే ముందు గుర్తొస్తుంది.

గాలి తీసేసిన చిన్న గాజు పెట్టెలోకి మూడు వైపుల నుంచి లేజర్లు పంపి, ఉత్త వెలుగుతోనే కోడిగుడ్ల అట్టలాంటి గుంటలు కట్టింది ఆమే. అంతకన్నా చల్లదనం లేదన్నంతగా చల్లార్చిన రుబిడియం పరమాణువులను అందులో దింపితే, అవి గుంట నుంచి గుంటకు తిరుగుతూ ఒకే అలగా కలిసిపోయేవి. అప్పుడు ఫోటో తీస్తే ముగ్గు చుక్కలు కనిపించేవి. వెలుగు పెంచి గుంటలు లోతు చేస్తే ఏ పరమాణువు దాని గుంటలోనే కదలకుండా కూర్చోవాలి, చుక్కలు మాయమవ్వాలి. ముందు సాధించినవాళ్ల పేరే పరిశోధన పత్రంలో మొదట ఉంటుంది. ఆ చోటు కోసం రోస్విటా ఏళ్ల తరబడి కాచుకుంది.

ఆమె పన్ను పీకించుకోవడానికి వెళ్లిన పూటే, కొత్తగా చేరిన కోర్బినియన్ ఆ పని చేసేశాడు.

"రోసీ, చుక్కలు పోయాయి!" ఆమె తలుపు తీయగానే అరిచాడు, నోట్లో వెన్న ప్రెట్‌జెల్ రొట్టె ముక్కతోనే.

రోస్విటా ముఖం మాడిపోయింది. "పోవా మరి? పరమాణువుల్ని వేడెక్కించేసుంటావు," అంది వాచిన బుగ్గ పట్టుకుని.

"నేనేం వేడెక్కించలేదు!"

"వేడెక్కినవి మళ్లీ కలవవు బాబూ. వెలుగు పెంచి, వెంటనే తగ్గించి ఫోటో తీద్దాం. చుక్కలు తిరిగి రాకపోతే నీ పండగ అయిపోయినట్టే. లే అక్కణ్ణుంచి, నేనే చూపిస్తా."

కొత్త పరమాణువులు చల్లారేదాకా ఆమె కాలు ఊపుతూనే ఉంది. చుక్కలు రాకూడదని కోరుకుంటున్నట్టు ముఖంలోనే తెలుస్తోంది. వెలుగు పెంచింది. తగ్గించింది. ఫోటో తీసింది.

తెర మీద చుక్కలన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి.

అంటే పరమాణువులు వేడెక్కలేదు, నిజంగానే కదలడం మానేశాయి. అప్పటిదాకా కోర్బినియన్ చేతిలో ఉన్నది చుక్కల్లేని ఫోటో ఒక్కటే. అతను సాధించింది నిజమేననడానికి సాక్ష్యం ఆమె స్వయంగా తెచ్చిపెట్టింది.

"నన్ను గెలిపించావు రోసీ!" అంటూ కౌగిలించుకున్నాడు ఆ పిచ్చివాడు. ఆమె కొయ్యలా నిలబడింది.

పత్రంలో అతని పేరు మొదటిది, ఆమెది రెండోది. అయితే అందరూ మెచ్చుకునేది ఆమె తీసిన ఫోటోనే. వెలుగు తగ్గించి చూడాలని ఎలా తోచిందని ఇప్పటికీ విద్యార్థులు అడుగుతుంటారు.

"వాడిది తప్పని తేల్చడానికి," అంటుంది రోస్విటా.

హాస్యమాడుతోందనుకుని వాళ్లు నవ్వుతారు.