పురుగులు తాగలేని నీళ్లు

ఆ రోజుల్లో అలసట కూడా గొప్పగానే అనిపించేది. ఇప్పుడు ఉత్త అలసటే మిగిలింది. సూళ్లూరుపేట అవతల ఒక రేకుల షెడ్డులో నా మొదటి ఉద్యోగం పురుగులను మేపడం. నవ్వకండి, నిజమే. బంగారం ఉందో లేదో అన్నట్టుండే నాసిరకం రాతిపొడిని ఆమ్లం కలిపిన నీళ్ల డ్రమ్ముల్లో పోసి, కంటికి కనబడని సూక్ష్మజీవులను అందులో వదిలేవాళ్లం. బంగారాన్ని కప్పుకున్న ఇనుమునూ గంధకాన్నీ అవి తినేస్తే, ఆ తర్వాత రసాయనంతో బంగారాన్ని కరిగించి తీయాలని ఆ ప్రయోగం నడిపే మా మేడం ఆశ. పురుగులు హుషారుగా ఉంటే నీళ్లు టీ డికాషన్ రంగుకు తిరిగేవి. ఆ రంగు చూసుకుంటూ, ఆవిరైనంత మేరకు మళ్లీ నీళ్లు పోయడం నా పని.

"మేకల్ని మేపితే పాలన్నా వస్తాయి గదరా అబ్బయా, పురుగుల్ని మేపితే ఏమొస్తాది?" అనేది అమ్మ. "బంగారమొస్తాదిమా" అనేవాణ్ని. (ఆ మాట ఆమె పులికాట్ ఉప్పునీటి సరస్సు ఒడ్డున ఉన్న మా పల్లెంతా చాటింది. నాకు పురుగులోడు అని పేరు పడింది.) మా ఇంట్లో వల పట్టకుండా నెలజీతానికి పోయిన మొదటివాణ్ని నేనే. ఆ ఉద్యోగం పోతే పల్లెలో తలెత్తుకోలేను.

ఓనరు పని చూడటానికి వస్తాడనగా, మేడం ఊరెళుతూ, "ఉప్పు తగిలితే చచ్చిపోతాయి. మీటరుతో చూశాకే నీళ్లు పొయ్యి" అని పదిసార్లు చెప్పింది. ఆవిడ అటు వెళ్లగానే తీపినీళ్ల ట్యాంకరు రావడం మానేసింది. ఎండకు డ్రమ్ముల్లో నీళ్లు ఇంకిపోతున్నాయి. షెడ్డు వెనక చేతిబోరు కొట్టి దోసెడు తాగి చూశాను. కమ్మగా ఉన్నాయి. నాలుక ఉండగా మీటరెందుకని మేడం లేని నాలుగు రోజులూ అవే పోశాను.

మేడం వచ్చేసరికి డికాషన్ రంగు వెలిసిపోయి పాచినీళ్లలా తయారైంది. ఏ నీళ్లు పోశానో చెబితే, ఆవిడ ఆ బోరు నీళ్లు నోట్లో వేసుకుని తుపుక్కున ఉమ్మేసింది.

"ఇవి తీపా నీకు?"

"తీపే మేడం. మా ఇంట్లో నీళ్లకన్నా తీపి."

తిడుతుందనుకున్నాను. నావైపు చాలాసేపు చూసి, "రోజూ అవే తాగుతారా?" అంది. ఓనరుతో తప్పంతా తనదేనని చెప్పి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. ఆ సాయంత్రం నాతో ఒక క్యాను తీపినీళ్లు ఇంటికి పంపింది. అమ్మ తాగి, "చప్పగా ఉండాయిరా" అని చిటికెడు ఉప్పేసుకుంది. సంగతంతా విన్నాక మాత్రం గ్లాసు కింద పెట్టి, "పురుగులు చచ్చే నీళ్లా మనం తాగేది?" అంది.

ఇన్నేళ్లయినా ట్యాంకరు తీపినీళ్లు తాగుతూ డ్రమ్ముల దగ్గరే ఉన్నాను, మోకాళ్లు మాత్రం అరిగాయి. మొన్న పల్లెకు పోయి, దాహంతో అమ్మ ఇచ్చిన చెంబు ఎత్తి, ఒక్క గుక్కకే ఉమ్మేశాను. అమ్మ నావైపు చాలాసేపు చూసింది. సిగ్గేసి, నవ్వేసి, మిగతా చెంబంతా తాగేశాను.